మావయ్య భుజం

సిరిమాను పండగొచ్చిందంటే విజయనగరంలో పైడితల్లమ్మ ఫోటో కంటే ఆవిడ భక్తుల ఫోటోలే ఎక్కువ కనబడతాయి, మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా స్తంభం ఖాళీగా ఉంటే పాపం. దసరా వెళ్లిన మంగళవారం మనమూ ఫ్లెక్సీగా స్తంభమెక్కాలని మా చినమావయ్యకి కోరిక పుట్టింది.

ఆయన చొక్కా నలగకుండా దిగిన ఫోటో ఒక్కటే ఉంది, అది ఎవరిదో పెళ్లిలోది, పక్కన తోడల్లుడు భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. ఆయనతో మావయ్యకి మాటల్లేవు (అత్తవారి కొబ్బరితోట గొడవ, అది మొదలెడితే ఇది అవదు). "ఈ పక్కోడ్ని లైట్ చేసీ బాబూ, కనబడీ కనబడనట్టుండాలి, మొత్తం తీసీస్తే మా ఆవిడ ఊరుకోదు" అన్నాడు ఫ్లెక్సీ షాపు కుర్రాడితో.

కుర్రాడు కంప్యూటర్లో ఒపాసిటీ (బొమ్మ ఎంత చిక్కగా కనబడాలో చెప్పేది) పట్టుకుని 100 నుంచి 40కి లాగీసాడు. అది ఫోటో ఉన్న పొర (లేయర్) మొత్తానికీ పనిచేసేది, అందులో ఎవరితో ఎవరికి మాటల్లేవో దానికేం తెలుసు, ఇద్దరూ పల్చబడిపోయి మావయ్య పొట్టలోంచి వెనక పెట్టిన బొమ్మలోని కోట బురుజు కనబడుతోంది. అత్త చూసి "ఓలమ్మో, ఇదేటిది, బతికున్న మనిషికి శ్రద్ధాంజలి కొట్టీసేరు!" అని అక్కడే కూలబడిపోయింది.

అప్పుడు కుర్రాడికి లేయర్ మాస్క్ గుర్తొచ్చింది. మాస్క్ మీద నల్ల బ్రష్ తిప్పితే ఆ ముక్క మాయం, తెల్లది తిప్పితే మళ్లీ వచ్చీస్తాది, బూడిద రంగైతే సగం సగం, అసలు ఫోటోకి మాత్రం ఏమీ అవదు. తోడల్లుడి మీద ముదురు బూడిద కొట్టాడు, మనిషి ఆవిరైపోయాడు, మావయ్య మొహం వెలిగిపోయింది. చెయ్యి మీద నల్లది తిప్పాడు. చెయ్యి పోయింది, దాంతోపాటు భుజమూ పోయింది.

"నా భుజమేటయిపోనాదిరా?"

"చెయ్యి కింద భుజం ఫోటోలో ఎక్కడుంటాదండీ, కెమెరాకి కనబడితే కదా."

చిల్లులోంచి కోట గోడ కనబడుతోంది. సరే అని కుర్రాడు రెండో భుజాన్ని కాపీ చేసి తిరగేసి, ఇంకో లేయర్‌గా కింద పెట్టి ఆ చిల్లు పూడ్చాడు. దాంతో కండువా రెండు భుజాల మీదకీ వచ్చింది. మావయ్యకి అదింకా నచ్చింది, ఎమ్మెల్యే కళ ఉందన్నాడు.

అంతా బాగుంది, సేవ్ చెయ్యడమే తరువాయి, ఈలోగా కుర్రాడికి టీ వచ్చింది, ఓ చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో కీబోర్డు మీద ఏం నొక్కాడో గానీ కంట్రోల్, ఐ కలిసి పడ్డాయి. ఆ రెండూ కలిస్తే మాస్క్‌లో నలుపు తెలుపు, తెలుపు నలుపు. వాట్సాప్‌లో ప్రూఫ్ పంపాడు, మావయ్య కళ్లజోడు లేకుండా చూసి పేరు పెద్దగానే ఉంది కొట్టీమన్నాడు. రాత్రికి రాత్రే గంటస్తంభం దగ్గర కట్టీసారు కూడా.

పొద్దున్నెళ్లి చూస్తే మావయ్య లేడు. తోడల్లుడు నిగనిగలాడిపోతున్నాడు, ఆయన చెయ్యి కండువా కప్పుకున్న ఒంటరి భుజం మీద ఉంది, మనిషి లేడు, భుజమే. కింద మావయ్య పేరు, సిరిమాను భక్తులకు స్వాగతం.

మేమింకా నిచ్చెన వెతుకుతుంటే మావయ్య ఫోన్ మోగింది, ఇన్నాళ్లకి తోడల్లుడు.

"అన్నయ్యా, ఫోటో బెమ్మాండంగా వచ్చింది గానీ కింద పేరు నీది పడిపోనాది, కాస్త మార్పించు."