శాలువా ఉపసంఘం నివేదిక

హనుమకొండ పక్కనున్న ఒక ఉన్నత పాఠశాలలో, బడికి ఊరికే పనిచేసిపెట్టే తల్లిదండ్రులను గుర్తించి ప్రోత్సహించడానికి ఈ మధ్య ఒక ఉపసంఘం వేశారు. అందులో నేనూ సభ్యుణ్ణి. ఇంతవరకు ఏ సేవా చేయలేదు కాబట్టి పక్షపాతం ఉండదని నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

మొదటి సమావేశమంతా సేవ అంటే ఏమిటనే చర్చతోనే గడిచింది. మధ్యాహ్న భోజనం బియ్యంలో రాళ్లు ఏరడం సేవ కిందికి రాదు, అది అలవాటు. ఏరుతుండగా ఎవరైనా ఫొటో తీస్తే సేవ. తరగతి గదికి పంకా కొనిచ్చి మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్న పెద్దమనిషిది మాత్రం నిస్సందేహంగా సేవే. తిరిగితే పేరు కనిపించదు కాబట్టి సభ పూర్తయ్యేదాకా ఆ పంకా వేయకూడదని కూడా తీర్మానించాం.

చట్టం ఏమంటుందో చూద్దామని ఒక సభ్యుడు అడ్డు తగిలాడు. ఇలాంటివాళ్లు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు కావాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల వాళ్లు ముందుండి బడి మరమ్మతులు, నీళ్లు, మరుగుదొడ్ల సంగతి చూసుకోవాలి. ఇదంతా విని అధ్యక్షుల వారు చాలా సంతోషించారు. కమిటీ పేరులోనే అమ్మ ఉన్నప్పుడు వేదిక మీద మళ్లీ అమ్మకు కుర్చీ ఎందుకన్నారు. కుర్చీలు కూడా తక్కువగానే ఉన్నాయి.

మరో సభ్యుడు రామప్పను ముందుకు తెచ్చాడు. 1213లో ఆ గుడి కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. అయినా జనం దాన్ని శిల్పి పేరుతోనే పిలుస్తున్నారని మన దగ్గర చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. 2021లో యునెస్కో కూడా కాకతీయ రుద్రేశ్వర ఆలయం అని రాసి, బ్రాకెట్లో రామప్ప పేరు చేర్చుకుంది. ఉపసంఘం దీన్ని తీవ్రంగా పరిగణించింది. డబ్బు పెట్టినవాడిని వదిలేసి ఉలి పట్టినవాడిని తలచుకునే పద్ధతి ఒకసారి మొదలైతే ఎనిమిది వందల ఏళ్లయినా ఆగదు. మా బడిలో అలాంటి పొరపాటు జరగకూడదని పన్నెండు శాలువాలకు పన్నెండు పేర్లు ముందే రాసుకున్నాం. ఉపసంఘం సభ్యులం నలుగురం అందులోనే ఉన్నాం.

ఇక సభ సంగతి. ఏడో తరగతి పిల్లవాడి తల్లి ఒకామె తెల్లవారకముందే వచ్చి గ్రౌండంతా ఊడ్చి, వేదిక ముందు ముగ్గు వేసింది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఏరే కూలీ ఆమె. మిర్చి సీజను కావడంతో ఆ రోజు కూలి పోగొట్టుకునే వచ్చింది. చేతులకు పట్టిన ఘాటు ఎన్నిసార్లు కడిగినా పోదేమో, కళ్లలో నలక పడితే మోచేతి మడతతో తుడుచుకుంటోంది. హెడ్మాస్టరు గారు ఆమెను మరిచిపోలేదు. "అమ్మా, ఆ పళ్లెం పట్టుకుని ఇలా నిలబడు" అన్నారు. పన్నెండు శాలువాలూ పేర్చిన పళ్లెం అది. గంటన్నర నిలబడింది. ఉపన్యాసాల మధ్యలో ఒకసారి బరువు ఎడమ చేతికి మార్చుకుంది. అంతే.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. మేం పన్నెండు మందిమీ స్పష్టంగా ఉన్నాం. ఎడమ అంచున పళ్లెం, దాని కింద రెండు మట్టిగాజుల చేయి. ఆ చేయి ఎవరిదని మా ఆవిడ అడిగింది. బడిదే అన్నాను.

సభ అయ్యాక కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి గదిలోకి చేర్చింది కూడా ఆమే. అది అయ్యాక మా దగ్గరకు వచ్చి, "సార్, ఆ ఫ్లెక్సీ మీకు పనికి రాకపోతే నాకిస్తారా?" అని అడిగింది. వేదిక వెనక కట్టిన పన్నెండు అడుగుల ఫ్లెక్సీ, మా అందరి ముఖాలూ ఉన్నది.

దేనికని అడిగారు అధ్యక్షుల వారు.

"ఇంటి మీద మిరపకాయలు ఆరబోసుకుంటాను సార్. నేల మీద పోస్తే మట్టి అంటుతోంది."

ఉపసంఘం అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. బడికి చేసిన సేవకు గుర్తింపుగా ఆమెకు ఏదో ఒకటి ఇవ్వవలసిందేనని, ఖర్చు లేనిది ఇంతకన్నా దొరకదని అంగీకారం కుదిరింది. ఒక్క షరతు పెట్టాం. అధ్యక్షుల వారి ముఖం ఉన్న చోట తాలు కాయలు పోయకూడదు.