మిక్సింగ్‌లో చూసుకుందాంలే!

నలుగురు కలిసి పాట చేయాలంటే నలుగురూ ఒకచోట కూర్చోవాలనే ఛాదస్తం పూర్వం ఉండేది. ఒకే శ్రుతి పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, తప్పు దొర్లితే అక్కడికక్కడే ఆగి తిట్టుకునేవారు. ఆ దురవస్థ ఇప్పుడు తొలగిపోయింది. ఎవరికి వారే యమునా తీరే. పల్లవి ఒక ఇంట్లో, చరణం ఇంకో ఇంట్లో, గిటారు ఒకరి మంచం మీద, తబలా ఇంకొకరి మేడ గదిలో. వీటన్నిటినీ మిక్సింగ్ పేరుతో ఒక్కటి చేసే పాపాత్ముడు మాత్రం ఎక్కడో ఒకడు ఉంటాడు. అతనికి చేరే ప్రతి ఫైలు వెంటా ఒక మంత్రం వస్తుంది: ‘మిక్సింగ్‌లో చూసుకుందాంలే.’

ఈ మంత్రం మహిమంతా చివరి ‘లే’లో ఉంది. ‘చూసుకుందాం’ అన్నంతవరకూ అందరం కలిసి మోసే బరువే. ‘లే’ తగలగానే అది ‘నువ్వే చూసుకో’ అయిపోతుంది. ధ్వనిశాస్త్రం చేతులెత్తేసిన చోట వ్యాకరణం ఆదుకోవడమంటే ఇదే. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని ఆచరించే పద్ధతులను కాస్త శాస్త్రీయంగా పరిశీలించాలి.

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. ఇంటింటి రికార్డింగులో ఆ దంపతులది వేరు కాపురం. ఒకరి ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) ఉంటుంది, ఇంకొకరు 44.1లో పాడి పంపుతారు. ఫైలును లోపలికి తెచ్చుకునేటప్పుడు ‘రేటు మార్చమంటారా?’ అని సాఫ్ట్‌వేర్ మర్యాదగానే అడుగుతుంది. మర్యాదగా అడిగిన ప్రశ్నను చదవకుండా ‘వద్దు’ నొక్కడం మన హక్కు. అప్పుడు నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లలో ముగుస్తుంది. గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి లేస్తుంది. అంటే పాడినావిడ షడ్జమం అనుకున్నది శుద్ధ రిషభానికి ఎక్కువ, చతుశ్రుతి రిషభానికి తక్కువ. శ్రుతి మించి రాగాన పడడం అనే మాట అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే.

లయ సంగతి ఇంకా సున్నితం. పాట 92 బీపీఎం, అంటే నిమిషానికి 92 బీట్లు, అని ఒకరు రాసిపెడతారు. తబలా ఆయన ఫోనులో తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 92.5కి పెట్టుకుంటాడు, అర బీట్ తేడా ఎవరికి తెలుస్తుందిలే అని. మొదటి పది సెకన్లు నిజంగానే ఎవరికీ తెలియదు. నాలుగు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి తేడా 1.3 సెకన్లు, అంటే రెండు బీట్లు. పల్లవి మళ్లీ అందుకునే వేళకు తబలా ముక్తాయింపు పూర్తిచేసి వెళ్లిపోయి ఉంటుంది.

వీటికి విరుగుడు లేకపోలేదు. మొదటి రోజే అందరికీ ఒక మెసేజ్ పంపాలి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు, ఇన్ని బీపీఎం, ఈ శ్రుతి. తాళం చప్పుడు వినిపించే క్లిక్ ట్రాక్‌ను కూడా ఒకరే తయారుచేసి ఫైలుగానే పంచాలి, ఎవరి మెట్రోనోమ్ వారు పెట్టుకోకూడదు. ఆ క్లిక్ ట్రాక్‌ను ఎంపీ3గా పంపితే, ఫైలును కుదించే ఎన్‌కోడర్ మొదట్లో కాస్త నిశ్శబ్దాన్ని తన వంతుగా చేరుస్తుంది. అది సెకనులో నలభయ్యో వంతే కావచ్చు, కానీ దాని మీద వాయించిన తబలా అంత వెనకబడే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చరణం ఒకటిన్నర నిమిషం దగ్గర మొదలైనా సరే, ప్రతి ఒక్కరూ తమ ట్రాక్‌ను సున్నా నుంచే ఎక్స్‌పోర్ట్ చేయాలి. లేకపోతే ఆ గొంతు పాటలో ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి జాతకం వేయాలి. ఇంత చిన్న మెసేజ్ ఎవరూ పంపరు. పంపితే మంత్రం నిర్వీర్యమైపోదూ?

ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల భక్తులు. పాట వారి చెవికి చేరేసరికి 150 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా ఆలస్యమవుతుంది. 92 బీపీఎంలో ఒక్కో అక్షరకాలం 652 మిల్లీసెకన్లు కాబట్టి, దాదాపు పావు అక్షరం వెనక పాడుతున్నారన్నమాట. తాళజ్ఞానం ఎంత ఉన్నా లాభం లేదు, ఉన్నకొద్దీ అంత కచ్చితంగా ఆలస్యం చేస్తారు. ఆలస్యం నిలకడగా ఉంటే ట్రాక్ మొత్తాన్ని ముందుకు జరిపి బతికించవచ్చు. ఆ ఇయర్‌ఫోన్ మైకులోనే పాడితే మాత్రం బావిలోంచి వచ్చిన ఫోన్ కాల్‌లా ఉంటుంది, దాన్ని ఎవరూ బతికించలేరు. వైరున్న, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు చాలు. కప్పనివైతే క్లిక్ చప్పుడు మైకులో పడి, సున్నితమైన చరణం వెనక ఎవరో తలుపు తడుతున్నట్టుంటుంది.

గది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మైకుకు నోరు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. మందపాటి దుప్పటి కట్టాల్సింది పాడేవాళ్ల వెనక, మైకు చూసే వైపు. అందరూ మైకు వెనక కడతారు. ముందువైపే బాగా వినే కార్డియాయిడ్ మైకుకు ఎలాగూ వినపడని వైపు అదే. గుడ్ల అట్టలు గోడకు అంటించేవారి విశ్వాసాన్ని ప్రశ్నించడం మన పని కాదు, అవి ఆపగలిగే ధ్వని కూడా ఎక్కువ లేదు. సున్నాయే గరిష్ఠమైన కొలతలో లెవెల్ శిఖరాలు -12, -6 డెసిబెళ్ల మధ్య ఉంటే చాలు. సున్నా దాటి చిట్లిన గొంతును ‘కొంచెం మెత్తగా చెయ్యవా’ అనడం పగిలిన అద్దాన్ని ఇస్త్రీ చేయమనడమే.

తెలుగు అజంత భాష కావడం బృందగానానికి ఒక వరం. పదాల చివర నలుగురి ‘స్’లు నాలుగు చోట్ల పడి పాములు బుసకొట్టే బాధ మనకు తక్కువ. ఆ లోటును పదాల మొదట్లోని ‘స’లు, ‘శ’లు తీరుస్తాయి. ప్రధాన గాయని ‘స’ ఒక్కటే ఉంచి, మిగతా ముగ్గురి ‘స’లను వాల్యూమ్ తగ్గించి మింగేయాలి. వంద ‘స’లున్న పాటలో ఇది మూడు వందల కోతలు. కోరస్ వాళ్లు ‘స’ను మెత్తగా పలికితే ఈ శ్రమ ఉండేది కాదు. కానీ వాళ్లకు మంత్రోపదేశం అయిపోయింది కదా.

అసలు ప్రజాస్వామ్యం మొదలయ్యేది తొలి మిక్స్ పంపాక. గాయని: ‘అంతా బాగుంది, నా గొంతు కొంచెం పెంచండి.’ గిటారు: ‘అన్నా, గిటారు వినపడట్లేదు.’ తబలా: ‘ఎడమ చేతి దరువు ఎక్కడ?’ ఐదుగురు తలా రెండు డెసిబెళ్లు అడుగుతారు. న్యాయంగా అందరికీ ఇస్తే ట్రాకుల మధ్య తూకం ముందెలా ఉందో అలాగే ఉంటుంది, పాట మొత్తం రెండు డెసిబెళ్లు పెరిగి, శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్‌కు తల కొట్టుకుంటుంది. విచిత్రమేమిటంటే ఐదుగురూ ‘ఇప్పుడు కుదిరింది’ అంటారు. ఇందులో అబద్ధం లేదు. శబ్దం పెరిగేకొద్దీ మన చెవి బేస్‌నూ పైస్థాయినీ మెరుగ్గా వింటుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అంటే పెద్దగా ఉన్నదే మంచిగా ఉన్నట్టు తోస్తుంది. స్ట్రీమింగ్ సేవలు ఆ పాటను -14 లఫ్స్ (చెవికి తోచే శబ్దతీవ్రతకు కొలమానం) దరిదాపులకు దించేసరికి పెంచినదంతా పోయి, లిమిటర్ దెబ్బలు మాత్రం మిగులుతాయి.

వినపడకపోవడానికి కారణం చాలాసార్లు లెవెల్ కాదు. గొంతూ గిటారూ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటుంటాయి. గిటారులో అక్కడ రెండు మూడు డెసిబెళ్లు తగ్గిస్తే గొంతు పెంచకుండానే పెరుగుతుంది. గొంతులో 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా ఫ్యానూ మైకు స్టాండూ చేసిన సంగీతం, తీసేయవచ్చు. ఈ మాట మాత్రం గిటారు ఆయనకు చెప్పకూడదు. చెబితే ఒక్క ట్రాకునే వినిపించే సోలో బటన్ నొక్కి వింటాడు, ‘నా గిటారు బక్కచిక్కిపోయింది’ అంటాడు. ఒంటరిగా వింటే బక్కగానే ఉంటుంది. పాటలో అతను ఒంటరిగా లేడన్న విషయం సోలో బటన్‌కు తెలియదు.

బేస్ గిటారు వాయించేవారి ఫిర్యాదు ప్రత్యేకం. మిక్స్ వినేది ఫోను స్పీకర్‌లో. అతని అడుగు తీగ 41 హెర్ట్జ్. అరచేతిలో పట్టే ఆ స్పీకర్ ఆ స్వరాన్ని పలకడం కలలో మాట. కొద్దిగా శాచురేషన్ (ధ్వనిని తేలిగ్గా వక్రీకరించడం) వేసి, పై హార్మోనిక్స్ అనే అనుస్వనాలను పుట్టిస్తే బేస్ ఉన్న భ్రమైనా కలుగుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నారు పూర్వం. ఇప్పుడు వినలేక మిక్స్ ఓడు.

ఈ రాజీల మధ్య ఫైళ్ల పేర్లు ఫైనల్, ఫైనల్ 2, ఇదే ఫైనల్, అసలు ఫైనల్ అని వంశవృక్షంలా పెరుగుతాయి. వంశవృక్షం పెరిగింది ఎంపీ3లకే. ప్రాజెక్టును ప్రతిసారీ కొత్త పేరుతో సేవ్ చేయకుండా పాతదాని మీదే రుద్దుకుంటూ పోయుంటారు. పద్నాలుగో మిక్స్ విన్నాక గాయని అంటుంది, ‘మూడోదే బాగుండేది కదా.’ గిటారు ఆయన ఒప్పుకుంటాడు. ఈ పాట మొత్తంలో ఇద్దరూ ఏకీభవించిన మొదటి సందర్భం అది. ఇక ఆ ప్రాజెక్టును వెతికే పని మొదలవుతుంది. కాపీ తన దగ్గర ఉందని తబలా ఆయన ఉత్సాహంగా ఒక ఫైలు పంపుతాడు. దాని సైజు 300 కిలోబైట్లు. నాలుగు నిమిషాల మోనో ట్రాక్ ఒక్కటే 34 మెగాబైట్లకు పైగా ఉంటుంది. అంటే అందులో ఉన్నది ఆడియో కాదు, ఆడియో ఒకప్పుడు ఎక్కడుండేదో చెప్పే చిరునామాలు.

గ్రూపులో కాసేపు మౌనం. తర్వాత బేస్ ఆయన నుంచి మెసేజ్: ‘పోనీ పద్నాలుగోదే ఉంచుదాం. మాస్టరింగ్‌లో చూసుకుందాంలే.’