మడత సైకిల్ ఉండగా రానూపోనూ తొక్కడం దేనికి?

పరాయి ఊళ్లో రోజంతా రైడ్ చేయాలని మడత సైకిల్ వెంట తీసుకెళ్లేవాళ్ల ప్లాన్లు చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. పొద్దున్నే బస దగ్గర బయల్దేరడం, మ్యాప్‌లో 80 కిలోమీటర్ల పెద్ద చుట్టు గీసుకోవడం, చీకటి పడేవేళకు కాళ్లీడ్చుకుంటూ మళ్లీ అక్కడికే చేరడం. ఆ పని అద్దె సైకిల్ మీదా అవుతుంది కదా! నడుమ కీలు, బారెడు సీటు రాడ్డు, బుడ్డ చక్రాలు, ఇవన్నీ ఎందుకు భరిస్తున్నాం? మడిచి రైలెక్కించొచ్చనే. విమానం దిగాక చాలామందికి ఆ సంగతే గుర్తుండదు.

నేననేది ఒకటే. మడత సైకిల్ మీద లాంగ్ రైడ్ అంటే ఒకవైపు తొక్కాలి, రెండోవైపు రైల్లో కూర్చోవాలి. కాబట్టి మ్యాప్ తెరవగానే వెతకాల్సింది కోటలూ సరస్సులూ కాదు, రైల్వే లైను. దానికి మరీ దూరం పోకుండా సాగే దారి పట్టుకుంటే మధ్యమధ్యలో స్టేషన్లు తగులుతాయి. వాన ముంచుకొచ్చినా, మోకాలు మొరాయించినా అక్కడితో ఆపేయొచ్చు. స్టేషన్ గుర్తు కనబడగానే సంబరపడిపోకండి. మీరు వెళ్లే రోజు అక్కడ రైలు ఆగుతుందో లేదో, ఆదివారం టైములు వేరేమో చూసుకోండి.

రైలు ఎప్పుడెక్కాలన్న దగ్గర కూడా నాకు పేచీ ఉంది. ఎక్కువమంది పొద్దున తొక్కుకుంటూ వెళ్లి సాయంత్రం రైల్లో వద్దామనుకుంటారు. దాంతో మధ్యాహ్నం నుంచే ఆఖరి రైలు టెన్షన్. ఎక్కడ ఆగినా కన్ను గడియారం మీదే. అదే పొద్దున్నే రైల్లో దూరం పోయి, అక్కణ్నుంచి బస వైపు తొక్కుకుంటూ వస్తే, ఎంత ఆలస్యమైనా మనం వెళ్తున్నది మన మంచం వైపే. లైట్లు ఉంటే చాలు.

ఈ లెక్కను తిరగేయగలిగేది గాలి ఒక్కటే. మడత సైకిళ్ల మీద చాలావరకు నిటారుగా కూర్చుంటాం, ఎదురుగాలి నేరుగా ఛాతీకి తగులుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అంతే వేగంతో ఎదురుగాలి వీచిందనుకోండి, గాలి అడ్డుకునే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. సముద్రం పక్క ఊళ్లో ఎండకాసే రోజుల్లో మధ్యాహ్నమయ్యేసరికి గాలి కడలి నుంచి నేల మీదికి తిరుగుతుంది. అలాంటి చోట బస ఉంటే సాయంత్రం తీరం వైపు తొక్కడం శిక్షే. అప్పుడు మాత్రం సైకిల్ మీద వెళ్లి రైల్లో రండి. ముందురోజు రాత్రి గాలి ఎటు వీస్తుందో చూసి దిక్కు ఖాయం చేసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు.

ఇక "అంత చిన్న చక్రాలు, ఎన్నిసార్లు తొక్కాలో పాపం" అనే జాలి. అది వినీ వినీ విసుగొచ్చింది. బ్రాంప్టన్ అనే కంపెనీ మడత సైకిల్‌కుండే 16 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 1.33 మీటర్లు. చైన్ తిరిగే పళ్ల చక్రాలకు ముందు 50 పళ్లు, వెనక 13 పళ్లు ఉంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి బండి 5.1 మీటర్లు పోతుంది. 2.1 మీటర్ల చుట్టుకొలత ఉన్న పెద్ద చక్రానికి 44, 18 పళ్లు వేస్తే వచ్చేదీ అంతే. తొక్కుడు లెక్క గేర్లది, చక్రానిది కాదు. చిన్న చక్రానికి నిజంగా పడనిది గతుకుల రోడ్డు. పెద్ద చక్రం దొర్లుకుంటూ పోయే గుంటలోకి ఇది దిగబడుతుంది, రాళ్ల పరుపు మీద హ్యాండిల్ వణుకుతుంది. అందుకే దూరం కన్నా ముందు రోడ్డు ఎలా ఉందో చూడాలి. అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే యాప్‌లు చాలా చోట్ల తారో, కంకరో, మట్టో చెబుతాయి. కాలువ గట్టు దారి అనగానే మురిసిపోకుండా ఓసారి శాటిలైట్ బొమ్మలో చూడండి. మధ్యలో ఆగే సమయంతో కలిపి గంటకు 12 కిలోమీటర్లే వేసుకోమంటాను నేను. నవ్వేవాళ్లు నవ్వనీండి.

పంక్చర్ సంగతి. 16 అంగుళాలనే పేరుతోనే 305, 349 అని రెండు రిమ్ములున్నాయి, 20 అంగుళాల్లో 406, 451 (టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో). ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో అచ్చేసిన ఆ అంకె చూసి, సరిపోయే ట్యూబు సంచిలో వేసుకోవాల్సిందే, దారిలో దొరుకుతుందన్న ధీమా వద్దు. బ్రాంప్టన్ వెనక చక్రం ఊడదీయాలంటే 15 మిల్లీమీటర్ల పానా కావాలి, చైన్ బిగించే మరనూ విప్పాలి. రోడ్డు పక్కన అంత తతంగం అక్కర్లేదు. చక్రం అలాగే ఉంచి, టైరు ఒక పక్క అంచు మాత్రం రిమ్ము నుంచి లేపి, ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి బుస్సుమనే చోటు కనిపెట్టి ప్యాచ్ వేయండి. టైరు లోపల వేలితో తడిమి గుచ్చుకున్న ముల్లు తీసేశాకే ట్యూబును మళ్లీ లోపలికి తొయ్యాలి. చేతికి మసి అంటదు, గేర్ సెట్టింగ్ చెడదు.

మడిచిన సైకిల్ కదా, రైల్లో ఎవరడ్డుకుంటారు అనుకోకండి. నెదర్లాండ్స్ రైళ్లలో మడిచిన సైకిల్‌కు టికెట్ లేదు, మామూలు సైకిల్‌కు మాత్రం టికెట్టూ ఉంది, రద్దీ వేళల నిషేధమూ ఉంది. జపాన్‌లోనైతే మడిచినా సరే, మొత్తం సంచిలో కప్పేస్తేనే రైలెక్కనిస్తారు. పల్చటి సంచి ఒకటి సీటు కింద కట్టుకుంటే బస్సు డ్రైవర్‌తో వాదించే పనీ తప్పుతుంది. బ్యాటరీ మడత సైకిలైతే విమానం దగ్గరే కథ ముగుస్తుంది. 160 వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులతో తీసుకెళ్లనివ్వరు, ఈ సైకిళ్ల బ్యాటరీలు ఎక్కువగా అంతకన్నా పెద్దవే.

"మరి స్ట్రావాలో (రైడ్లు నమోదు చేసే యాప్‌లో) వంద కిలోమీటర్లు కనబడవద్దా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఇంట్లో పెద్ద సైకిల్ ఉంది కదా, తిరిగొచ్చాక దాని మీద కొట్టుకోండి.