'నేను' లేని యాభై ఏళ్ల పారిస్ ఉత్తరాలు

మీరేమనుకుంటున్నారో నాకు అక్కర్లేదు, ఫ్రెంచివాళ్లు ఏమనుకుంటున్నారో రాయండి. 1925లో అమెరికా పత్రిక న్యూయార్కర్ సంపాదకుడు హెరాల్డ్ రాస్ పారిస్‌లో ఉన్న జానెట్ ఫ్లానర్‌కు చెప్పిన మాటల సారాంశం ఇది. ఇండియానాపొలిస్‌లో పుట్టి, నవల రాసే కోరికతో పారిస్ చేరిన ఆమె, ఆ పత్రికకు ఉత్తరాల రూపంలో పంపిన కథనాల్లో ఆ మాటను యాభై ఏళ్లు పట్టుకున్నారు. సంతకం కూడా తన పేరుతో కాదు, రాస్ పెట్టిన 'జెనే' అన్న కలం పేరుతోనే.

రోజూ పారిస్ పత్రికలన్నీ ముందేసుకుని చదవడం, కెఫేలలో మాటలు వినడం, నాటకశాలలకు, చిత్ర ప్రదర్శనలకు, అంత్యక్రియలకు వెళ్లడం ఆమె పని. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్ విమానం దిగినప్పుడు, నర్తకి ఇసడోరా డంకన్‌కు అంత్యక్రియలు జరిగినప్పుడు ఆ ఊరు ఎలా ఉందో ఆమె ఉత్తరాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పరాయి దేశం గురించి రాసేవారిలో చాలామంది ఆ దేశాన్ని అద్దంగా వాడుకుని తమ ముఖమే చూపిస్తారు. ఫ్లానర్ ఆ పని చేయలేదు. నాకు ఆమెపై గౌరవం అక్కడే మొదలవుతుంది.

కానీ ఈ నిగ్రహానికి ఆమె మూల్యం కూడా చెల్లించారు. 1936లో హిట్లర్ గురించి మూడు భాగాల వ్యాసం రాశారు. మాంసం, బీరు, చుట్టలు ప్రాణమైన జాతిని ఏలే నియంత శాకాహారి, మద్యం ముట్టడు, పొగ తాగడు అన్న చమత్కారంతో అది మొదలవుతుంది. వాక్యం అందంగానే ఉంది. అయితే యూదుల పౌరసత్వాన్ని లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలు అప్పటికే వచ్చాయి. వ్యాసం ముగించాక పాఠకుడికి గుర్తుండేది మాత్రం ఆ మనిషి అలవాట్లే. తీర్పు చెప్పాల్సిన చోట ఆమె వర్ణనతో సరిపెట్టారనే నేనంటాను.

ఆ లోటును యుద్ధం తీర్చింది. 1939లో అమెరికాకు వెళ్లిపోయిన ఆమె 1944 చివర్లో పారిస్‌కు తిరిగివచ్చారు. శిథిలమైన జర్మన్ నగరం కొలోన్ నుంచి, తర్వాత నాజీ నేతలపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణ నుంచి రాసిన ఉత్తరాల్లో పాత చమత్కారం తగ్గి కోపం పైకి వచ్చింది. నాజీలు యూరప్ అంతటా కొల్లగొట్టిన కళాఖండాల చరిత్రను 1947లో ఓపికగా తవ్వి తీశారు. యుద్ధానంతర ఉత్తరాల సంపుటికి 1966లో నేషనల్ బుక్ అవార్డు దక్కింది.

ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఒక చిన్న దిద్దుబాటు. 1925లో అమెరికా నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ పారిస్‌లో ఇచ్చిన తొలి ప్రదర్శన గురించి ఆమె ముక్తసరిగా రాశారు. అప్పుడు పిరికిగా రాశానన్న బాధ ఆమెను వదల్లేదు. 47 ఏళ్ల తర్వాత, తన పాత ఉత్తరాల సంపుటికి ముందుమాట రాస్తూ మళ్లీ ఆ రాత్రికి వెళ్లారు. భారీకాయుడైన ఒక నల్లజాతి నర్తకుడి భుజం మీద తలకిందులుగా రంగస్థలం మీదికి వచ్చిన యువతిని, ఆమె ఒంటిమీద ఉన్న ఒకే ఒక గులాబీరంగు ఫ్లెమింగో ఈకను, ఎనభై ఏళ్ల వయసులో ఈసారి తన గొంతుతోనే వర్ణించారు.