ఆ విద్యార్థి ఎవరి సీటూ లాక్కోలేదు

గత నెల రోజుల్లో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. ఐదుసార్లు మిత్రులు, బంధువులు పంపారు, ఆరోసారి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడింది. మొదటి ఐదుసార్లూ ఊరుకున్నాను గాని ఆరోసారి ఊరుకోలేకపోయాను. ఎందుకో కింద చెబుతాను.

ఆ సందేశం సారాంశం ఇది. భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అంటే ఐసీసీఆర్, ప్రజల సొమ్మును విదేశీయులకు దోచిపెడుతోంది. నెహ్రూ తన పేరు కోసం పెట్టిన ఈ సంస్థలాంటిది మరే దేశంలోనూ లేదు. నాట్య బృందాల పేరుతో విదేశీ విహారాలు జరుగుతున్నాయి. యోగా ఒక్క పైసా ఖర్చు లేకుండా ప్రపంచమంతా పాకింది కాబట్టి ఈ ఖర్చంతా దండగ, దీన్ని ఆపేస్తే ప్రతి ఊళ్ళో బడి కట్టవచ్చు. ఆఫ్రికా, ఆఫ్ఘనిస్తాన్ విద్యార్థులు నెలకు లక్ష రూపాయలు తీసుకుంటూ మన పిల్లల మెడికల్, ఇంజినీరింగ్ సీట్లు లాక్కుంటున్నారు. మన పల్లె కళాకారుడికి మాత్రం ఏనాడూ విమానం ఎక్కే భాగ్యం లేదు. చివర్లో మామూలుగా ఉండే మాటే ఉంది: నిజమైన భారతీయులైతే పది మందికి పంపండి.

చిన్న విషయాలు ముందు చెప్పి పక్కన పెడతాను. ఈ సంస్థను 1950 ఏప్రిల్ 9న స్థాపించినవారు మౌలానా అబుల్ కలామ్ ఆజాద్. ఆయన తన సొంత గ్రంథ సంపదను కూడా దీనికే ఇచ్చేశారు. పేరు కోసం పెట్టిన సంస్థ అని ఎవరి మీదైనా నింద వేసే ముందు, పెట్టింది ఎవరో తెలుసుకోవాలన్న ఇంగితం ఆ రాసినవారికి లేకపోయింది. ఇక ఖర్చు మాట. ఇటీవలి బడ్జెట్లలో ఈ సంస్థకు కేటాయిస్తున్నది ఏటా 300 కోట్ల పైచిలుకు. వినడానికి పెద్ద మొత్తమే. కాని కేంద్ర బడ్జెట్ మొత్తం 45 లక్షల కోట్లు దాటిన ఈ రోజుల్లో, ప్రభుత్వం పెట్టే ప్రతి లక్ష రూపాయల ఖర్చులో దీని వాటా ఏడెనిమిది రూపాయలు. దేశంలో తలకు లెక్కేస్తే ఏడాదికి రెండున్నర రూపాయలు. దీన్ని ఆపేస్తే ప్రతి ఊళ్ళో బడి కట్టవచ్చని రాసినవారు ఒక్కసారి కాగితం మీద భాగహారం చేసి చూసుకోవలసింది.

యోగా గురించి ఒక్క మాట. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్య సమితిలో యోగా దినోత్సవ తీర్మానానికి 177 దేశాలు సహ ప్రతిపాదకులుగా నిలిచాయంటే, ఆ దేశాలన్నింటితో కూర్చుని మాట్లాడి ఒప్పించినవారు జీతాలు తీసుకునే దౌత్యవేత్తలే. ఏ ప్రభుత్వం సాయమూ లేకుండా అంతకుముందు వెళ్ళిన మహానుభావులూ ఉన్నారు, కాదనను. వివేకానందుడు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో నిలబడి, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్ళదలచాడో చెప్పాడు. అదే ఏడు చికాగో వెళ్ళాడు. కాని ఆయన ఓడ టిక్కెట్టూ గాలిలోంచి రాలేదు. మద్రాసులో శిష్యులు చందాలు పోగుచేశారు, ఖేత్రీ మహారాజు సాయం చేశాడు. అప్పుడు రాజులు, దాతలు పెట్టుకున్న ఖర్చును ఇప్పుడు ప్రజలెన్నుకున్న ప్రభుత్వం పెడుతోంది, అంతే.

మరే దేశమూ ఇలాంటి పని చేయడం లేదన్న మాట మాత్రం తెలుగువాళ్ళు అనకూడని మాట. ఫ్రెంచి భాష నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ 1883లో, బ్రిటిష్ కౌన్సిల్ 1934లో, జర్మనీవాళ్ళ గోథే ఇన్‌స్టిట్యూట్ 1951లో మొదలయ్యాయి. చైనా 2004 నుంచి దేశదేశాల్లో కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు తెరిచింది. అవన్నీ అటుంచి, మన ఇళ్ళలో చూసుకుందాం. గట్టి అట్టతో, తెల్లటి కాగితంతో, రంగు బొమ్మలతో రెండు మూడు రూపాయలకే విశాలాంధ్ర దుకాణంలోనో, ఊళ్ళోకి వచ్చిన పుస్తకాల వ్యానులోనో దొరికిన సోవియట్ పుస్తకం ఒక్కటైనా లేని మధ్యతరగతి తెలుగు ఇల్లు ఆ రోజుల్లో అరుదు. ఆ పుస్తకాలను తెలుగులోకి తేవడానికి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారిని మాస్కోకు పిలిపించుకుని, జీతాలిచ్చి, అక్కడే తెలుగు అచ్చువేయించింది ఒక పరాయి ప్రభుత్వం. 1966లో శ్రీశ్రీకి సోవియట్ భూమి నెహ్రూ పురస్కారం ఇచ్చిందీ ఆ సంబంధాల కొనసాగింపుగానే. ఆ దేశం ఇప్పుడు లేదు. దాని రాజకీయాలను సమర్థించనివాళ్ళు కూడా ఆ పుస్తకాల్లోని మంచుకొండల్ని, నక్కపిల్లల్ని, గుడిసెలోని ముసలమ్మని ఇప్పటికీ తలుచుకుంటారు. సంస్కృతి మీద పెట్టిన ఖర్చుకు ఏమొస్తుందని అడిగేవారికి నా జవాబు అదే. మా ఇంటి అలమరలో అది నలభై ఏళ్ళుగా ఉంది.

మన దేశమూ ఆ మర్మం తొలినాళ్ళలోనే గ్రహించింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాలలో ఏనుగులను చంపేశారు. యుద్ధం ముగిశాక అక్కడి పిల్లలు తమకొక ఏనుగు కావాలని నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన ఒక ఏనుగును పంపి, దానికి తన కూతురు పేరు పెట్టాడు. ఇందిర అనే ఆ ఏనుగు 1983 దాకా అక్కడే బతికింది. ఓడిపోయి, కాలిపోయిన నగరంలో పెరిగిన ఒక తరం పిల్లలకు భారతదేశమంటే ముందుగా గుర్తొచ్చేది ఆ ఏనుగే. దాన్ని ఏ పద్దు కింద లాభంగా రాయాలో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.

నాట్య బృందాల విహారం మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1961లో వాషింగ్టన్‌లో కెనెడీ, నెహ్రూల ఎదుట నర్తించిన ఇంద్రాణీ రెహమాన్‌కు కూచిపూడి నేర్పిన గురువు మన కోరాడ నరసింహారావు. కృష్ణా జిల్లాలోని ఒక్క ఊరి పేరు ఈనాడు ప్రపంచమంతటా నాట్యానికి పేరుగా చలామణీ కావడం వెనుక అలాంటి ప్రయాణాలు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ సందేశంలో మిగతావన్నీ తెలియనితనంతో రాసినవని సరిపెట్టుకోవచ్చు. విదేశీ విద్యార్థి మన పిల్లల సీటు లాక్కుంటున్నాడన్న మాట మాత్రం అలా సరిపెట్టుకునేది కాదు. అది మనుషుల మీదికి మనుషులను ఉసిగొల్పే అబద్ధం.

మొదట మెడికల్ సీటు సంగతి. ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ మీద ఎంబీబీఎస్ చదవడానికి వీలే లేదు. వైద్య, పారామెడికల్ కోర్సులకు తాము స్కాలర్‌షిప్ ఇవ్వబోమని ఆ సంస్థ తన నిబంధనల్లోనే రాసుకుంది. కాబట్టి ఏ తెలుగు పిల్లవాడి ఎంబీబీఎస్ సీటూ ఈ దారిలో పోలేదు, పోదు. రెండోది మిగతా కోర్సుల సీట్లు. విదేశీ విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయాలు ఉంచేవి సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే మన పిల్లలకు కేటాయించిన సీట్ల లెక్క పూర్తయ్యాక దానికి అదనంగా వేసే సీట్లు. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) వీటిని 25 శాతం దాకా పెంచుకోవచ్చని చెప్పింది గాని, అవి మన లెక్కలోంచి తీసి ఇచ్చేవి కావు. అరవై మంది తరగతిలో అరవై మందీ మనవాళ్ళే చేరాక వెనక బెంచీలో మరో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) రాసిన మన అబ్బాయికి అది రాదు. ఆ విద్యార్థి ట్యూషన్ ఫీజును కూడా ఐసీసీఆరే విశ్వవిద్యాలయానికి చెల్లిస్తుంది. అంటే ఆ సొమ్ము తిరిగొచ్చేది ఉస్మానియాకో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికో.

మూడోది నెలకు లక్ష రూపాయలన్నది. డిగ్రీ విద్యార్థికి ఇచ్చే స్టైపెండ్ 18,000, పీజీ వారికి 20,000, పీహెచ్‌డీ వారికి 22,000. ఇంటి అద్దె కింద ఊరిని బట్టి మరో ఐదారు వేలు. హైదరాబాదులోని తార్నాకలో ఒక గది అద్దె ఎంతుందో తెలిసినవారికి ఆ డబ్బులో ఎంత మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మూడు వాస్తవాలూ ఎవరైనా పది నిమిషాల్లో కనుక్కోగలిగినవే. కనుక్కోకుండా ఫార్వర్డ్ చేసినవారిలో నా మిత్రుడొకడున్నాడు. అతని కూతురు అమెరికాలో చదువుతోంది. అక్కడెవరో ఆ అమ్మాయిని చూసి మా సీట్లు, మా ఉద్యోగాలు లాక్కోవడానికి వచ్చారని అన్నారని పోయినేడు నాతో చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి, అదే మాటను మరొకరి బిడ్డ మీద ఎలా అనగలిగాడు? అమెరికాలో చదువుకునేందుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ ఒప్పందం మీద మన దేశం 1950లోనే సంతకం చేసింది. ఆనాటి నుంచి మనవాళ్ళు అమెరికాలోనే కాదు, జపాన్‌లో, జర్మనీలో, బ్రిటన్‌లో ఆయా ప్రభుత్వాల డబ్బుతో చదువుకుంటూనే ఉన్నారు. ఆ దేశాల పన్ను కట్టేవారి సొమ్ము మనకు తియ్యగా ఉండి, మన సొమ్ము ఒక టాంజానియా పిల్లవాడికి అందితే చేదయిందా?

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అలాంటి పిల్లవాడే ఉంటాడు. ఆ దేశం నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చి పీజీ చదువుతున్నాడు. ఈ ఇల్లు దొరక్క ముందు మా వీధిలోనే ఒక ఇంటి యజమాని ఫోన్‌లో సరేనని, మనిషిని చూశాక అప్పటికప్పుడు టులెట్ బోర్డు తీసి లోపల పెట్టుకున్నాడు. ఆ పక్కనే నిలబడి చూసినవాణ్ణి నేను. మూడేళ్ళలో కర్రీ పాయింట్‌లో పప్పు, బెండకాయ వేపుడు అడిగి తీసుకునేంత తెలుగు నేర్చుకున్నాడు. ఎదురింటి ముసలావిడను అమ్మమ్మా అని పిలుస్తాడు, ఆవిడ మందుల చీటీ పట్టుకెళ్ళి మందులు తెచ్చిపెడతాడు. అక్షరాలు కూడా కూడబలుక్కుని చదువుతాడు. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు కబుర్లు తెలియడం కోసం అతన్నీ గ్రూపులో చేర్చాం. ఆ సందేశం అందులో పడిన సాయంత్రం, మెట్ల దగ్గర ఫోను నాకు చూపించి, "అంకుల్, ఇక్కడ సీటు అని ఉంది, ఆఫ్రికా అని ఉంది. మధ్యలో మాట ఏంటి?" అని అడిగాడు. ఆ మాట "లాక్కుంటున్నారు". నేను చెప్పలేక, ఏదో కాలేజీ సంగతిలే బాబూ అని తప్పించుకుని లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇలాంటి మాటలు ఎక్కడికి దారితీస్తాయో చూశాం. 2016 మే నెలలో ఢిల్లీలో ఆటో విషయంగా మొదలైన గొడవలో ఒక కాంగో దేశస్థుణ్ణి కొట్టి చంపారు. ఆ వారంలోనే హైదరాబాదులో బండి పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుప రాడ్డుతో కొట్టారు. ఆ ఏడు ఐసీసీఆర్ జరపదలచిన ఆఫ్రికా దినోత్సవాన్ని వాయిదా వేయమని ఢిల్లీలోని ఆఫ్రికా రాయబారులు కోరారు, ఎంతో నచ్చజెప్పాక గాని రాలేదు. అరవై ఆరేళ్ళ శ్రమతో కట్టుకున్న స్నేహానికి వీధిలో రెండు దెబ్బలతో ఎంత గండి పడిందో లెక్కగట్టండి. దండగ అంటే అది.

ఆఫ్ఘన్ల పేరు తెచ్చారు కాబట్టి అక్కడ ఒక సంగతి ఒప్పుకుంటాను, ఇది ఆ సందేశం రాసినవారికి తోచి ఉండదు. ఆఫ్ఘనిస్తాన్ మాజీ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ సిమ్లాలోని హిమాచల్ ప్రదేశ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు. ఆ దేశపు విద్యార్థులకు మనం ఏటా 1,000 స్కాలర్‌షిప్‌ల దాకా ఇచ్చాం. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి చిక్కినప్పుడు, ఆ సమయంలో మన దేశంలో లేని ఆఫ్ఘన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ మన ప్రభుత్వం చెల్లవంది. సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థులు, మన విశ్వవిద్యాలయాల్లో సగం చదువు పెట్టుకుని, అక్కడే చిక్కుకుపోయారు. భద్రత ముఖ్యమే, కాని ఏళ్ళ తరబడి మన తరగతి గదుల్లో కూర్చున్న పిల్లలెవరో మనకు తెలియనిది కాదు. ప్రజల సొమ్ము వృథా అయిందని ఎవరైనా నిలదీయదలిస్తే నిలదీయవలసింది అక్కడ. పెట్టినందుకు కాదు, పెట్టి వదిలేసినందుకు.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. పల్లె కళాకారుడికి విమానం ఎక్కే భాగ్యం లేదన్న చివరి మాటలో నూటికి తొంభై పాళ్ళు నిజముంది. బృందాల ఎంపికకు దరఖాస్తు పెట్టడం, వీడియోలు జతచేయడం, ఢిల్లీకి ఉత్తరాలు రాయడం నగరంలో ఉన్న నర్తకికి సాధ్యపడినంతగా ఒక చిందు భాగవతుల కుటుంబానికో, ఒగ్గు కథ చెప్పేవారికో సాధ్యపడదు. వస్తువుల విషయంలోనూ తప్పులు జరిగాయి. 1980లలో భారత ఉత్సవాల కోసం అమెరికా వెళ్ళిన దీదార్‌గంజ్ యక్షి అనే ప్రాచీన శిల్పం చెంప మీద మచ్చతో తిరిగివచ్చింది. అటుపైన ఆ విగ్రహాన్ని విదేశాలకు పంపకూడదని నిర్ణయించారు. కాని వీటికి చేయవలసింది ఎంపికను జిల్లాల దాకా తేవడం, పంపే వస్తువులను జాగ్రత్తగా చూసుకోవడం. చిందు భాగవతులకు టిక్కెట్టు ఇవ్వలేదని సంస్థనే మూసేయమంటే, వాళ్ళకు ఆ టిక్కెట్టు ఎన్నటికీ రాదు.

నిన్న సాయంత్రం రెండో అంతస్తుకు వెళ్ళి, మెట్ల దగ్గర దాటేసిన ఆ మాటకు అర్థం అతనికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, గ్రూపులోంచి తాను వెళ్ళిపోవాలా అని అడిగాడు. వద్దన్నాను. ఈ రాసినదంతా ఈ రోజే ఆ గ్రూపులో పెడుతున్నాను. అక్కడ ఆ సందేశం పెట్టినవారు దాన్ని తీసేసి, అతని తలుపు తట్టి ఒక్క మాట మాట్లాడి రావాలని కోరుతున్నాను. తెలుగులో మాట్లాడితే చాలు, అర్థమవుతుంది.