ప్రైమరీల క్యాలెండర్ మారనిదే అభ్యర్థి ఎంపిక మారదు

అమెరికాలో పార్టీల అధ్యక్ష అభ్యర్థిని ప్రైమరీల్లో, అంటే రాష్ట్రాలవారీగా జరిగే పార్టీ అభ్యర్థి ఎంపిక ఎన్నికల్లో, ఓటర్లే ఎంచుకుంటారని మనం తరచూ మెచ్చుకుంటాం. 2024 సంగతి చూడండి. మార్చి 12 నాటికే బైడెన్, ట్రంప్ ఇద్దరికీ నామినేషన్‌కు కావలసినంత మంది డెలిగేట్లు (అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులు) వచ్చేశారు. న్యూజెర్సీలో ప్రైమరీ జరిగింది జూన్ 4న. ఎడిసన్ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లతో సహా ఆ రాష్ట్ర ఓటర్లందరికీ మిగిలింది లాంఛనమే. జులైలో బైడెన్ తప్పుకున్నాక జరిగింది తెలిసిందే: కమలా హారిస్‌ను డెలిగేట్లు ఆన్‌లైన్‌లో ఖరారు చేశారు.

దీంతో కొందరు పాత పద్ధతే నయమంటున్నారు. పార్టీ పెద్దలే కూర్చుని తేల్చాలట. 1968లో జరిగింది అదే. ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీని షికాగో మహాసభలో డెమోక్రాట్ల అభ్యర్థిని చేశారు. బయట వీధుల్లో లాఠీలు విరిగాయి, నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ గెలిచాడు. ఆ దెబ్బతోనే ప్రైమరీలకు ఇంత ప్రాధాన్యం వచ్చింది. మళ్లీ వెనక్కి ఎందుకు?

అసలు జబ్బు క్యాలెండర్‌లో, అంటే ఏ రాష్ట్రం ముందు, ఏది వెనక ఓటేయాలన్న వరుసలో ఉంది. 2020లో అందరికన్నా ముందు ఓటేసిన అయోవాలో బైడెన్‌ది నాలుగో స్థానం, ఆ తర్వాత న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న సౌత్ కరోలినా వంతు రాగానే ఘనవిజయం, మూడు రోజుల్లో పోటీ స్వరూపమే మారిపోయింది. అదే మనిషి, అదే పార్టీ. మారింది ఏ రాష్ట్రం ఓటర్లన్నదే. సౌత్ కరోలినా దాకా నిలదొక్కుకోలేక అంతకుముందే తప్పుకున్నవాళ్ల మాటేమిటి? 2024లో డెమోక్రాట్లు సౌత్ కరోలినాను ముందుకు తెస్తే, తామే మొదట ఉండాలన్న సొంత చట్టం చూపించి న్యూహాంప్‌షైర్ జనవరిలోనే ఓటింగ్ పెట్టేసింది. ఒక రాష్ట్రానికి ఇంత హక్కు ఎవరిచ్చారు?

చిన్న రాష్ట్రాలైతే డబ్బులేని అభ్యర్థి కూడా ఇల్లిల్లూ తిరగగలడు, 1976లో కార్టర్ అలాగే పైకొచ్చాడు అంటారు. నిజమే. అయితే చిన్న రాష్ట్రాలు అయోవా, న్యూహాంప్‌షైర్ రెండేనా? వంతులు మార్చండి. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా చేసి, ప్రతి ఎన్నికకూ ఒక్కో ప్రాంతాన్ని ముందు పెట్టాలన్న ప్రతిపాదన ఎప్పటినుంచో ఉంది. ఎవరికీ శాశ్వత మినహాయింపు లేకుండా దాన్ని అమలు చేయాలి. ఓటరు ఒక్కరినే కాకుండా ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఎంచుకునే బ్యాలెట్ కూడా పెట్టాలి. అప్పుడు పోస్టులో ముందే ఓటేశాక తన అభ్యర్థి తప్పుకున్నా ఆ ఓటు వరుసలో తర్వాతివారికి వెళ్తుంది, వృథా కాదు. 2020లో అలాస్కా, కాన్సాస్ డెమోక్రాట్లు చేసి చూపించారు కూడా.

ఇన్ని లోపాలున్నా అక్కడ మామూలు ఓటరుకు ఒక మాట చెప్పే అవకాశం ఉంది. ఇక్కడ? బీ-ఫారం ఎవరి చేతికి వస్తుందో నామినేషన్ల చివరి గంట దాకా ఆ నియోజకవర్గ కార్యకర్తకే తెలియదు. పాతికేళ్లు జెండా మోసినవాడు టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకుంటాడు. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం తప్పనిసరి చేయాలని లా కమిషన్ తన 170వ నివేదికలో 1999లోనే చెప్పింది. ఆ సిఫార్సును ఇప్పుడైనా బయటికి తీయాలి. నియోజకవర్గంలోని పార్టీ సభ్యుల రహస్య ఓటుతో నెగ్గినవారికే బీ-ఫారం ఇచ్చేలా ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించాలి.