సవరణ: ఎల్ఐసీ భవనాన్ని పూర్తి చేసింది ఎవరు?

చెన్నై మౌంట్ రోడ్ ఎల్ఐసీ భవనం గురించి మొన్న పెట్టిన పోస్టులో, దాన్ని మొదలుపెట్టి పూర్తి చేసింది లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్ అని రాశాను. అది తప్పు. డిజైన్ వాళ్లదే. కానీ 1957లో వాళ్లు తప్పుకున్నాక మిగతా పని నడిపించింది మద్రాసు ఆర్కిటెక్ట్ ఎల్.ఎం. చితాలే. 1959లో భవనం ప్రారంభమైంది. నగర కట్టడాల చరిత్ర రాసినవాళ్లు ఈ సంగతి స్పష్టంగానే చెప్పారు, నేనే సరిచూసుకోలేదు.

చితాలే పేరు వదిలేస్తే ఆయనకు అన్యాయమే. ఆర్మేనియన్ స్ట్రీట్‌లో 1930ల నాటి ఓరియంటల్ ఇన్సూరెన్స్ భవనమూ ఆయనదే. ఆ పక్కనే ఉన్న ప్యారీస్ కార్నర్ బజారుకి షాపింగ్‌కని వెళ్లే మనవాళ్లు ఒక్కసారి తలెత్తి దాని బాల్కనీలు చూడండి. ఆర్ట్ డెకో (1920, 30లలో నడిచిన ఆధునిక నిర్మాణ శైలి) కాలపు కట్టడమే, అయినా ఆ బాల్కనీలు రాజస్థాన్ ఝరోఖాల్ని, అంటే గోడ నుంచి ముందుకు వచ్చే కిటికీ మండపాల్ని, గుర్తుచేస్తాయి. ఎంత ముచ్చటగా ఉంటాయో! పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.